చెంపతో నడిచే రేవు

అక్టోబర్ 11, బుధవారం. సాయంత్రం 6.30

పిడుగు పడింది. ఇంటి మీద కాదు, వెనక కొబ్బరిచెట్టు మీద. అయినా ల్యాప్‌టాప్ పోయింది.

ఉరుము వినగానే ప్లగ్గులన్నీ పీకెయ్యడం చిన్నప్పటి అలవాటు. పయ్యన్నూరులో పుట్టినవాళ్ళెవరికీ అది చెప్పక్కర్లేదు. ఈరోజు తీగ మీద బట్టలు తడుస్తాయని ముందు వాటి కోసం పరిగెత్తాను. బట్టలు. రెండు లుంగీలు, నాలుగు తువ్వాళ్ళు.

లోపలికి వచ్చేసరికి కాలిన వాసన. స్క్రీన్ నల్లగా ఉంది. మా ఆయన, పవిత్రేట్టన్, మంచం మీంచి నన్నే చూస్తున్నాడు. చెంప దగ్గర బటన్ నొక్కుతూనే ఉన్నాడు. టిక్. టిక్. టిక్. వినడానికి అవతల ఏమీ లేదు.

అక్టోబర్ 12. మధ్యాహ్నం

బజార్లో రిపేరు షాపు. బోర్డూ కాలిపోయింది, డిస్కూ కాలిపోయింది అన్నాడు షాపువాడు. ఫొటోలేమైనా ఉన్నాయా చేచీ అని జాలిగా అడిగాడు. ఫొటోలు కాదు, మా ఆయన నోరు ఉంది అందులో అన్నాను. వాడికి అర్థం కాలేదు. కౌంటర్ మీద పెట్టిన ల్యాప్‌టాప్‌ని మెల్లగా నా వైపు తోశాడు.

మూడేళ్ళ క్రితం ఆయన చేతులు పోయాయి. తర్వాత కాళ్ళు, తర్వాత గొంతు. నరాల జబ్బు. ఇప్పుడు మిగిలినవి రెప్పలు, కుడి చెంపలో ఒక చిన్న కండ. కరెంటాఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు సరదాకి ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. లినక్స్ స్క్రీన్ అడుగున బొమ్మల వరుస, బొమ్మ నొక్కితే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. అలాంటి వరుసని డాక్ అంటారు, అందుకని దానికి రేవు అని పేరు పెట్టాడు. పోలండ్ నుంచి, బ్రెజిల్ నుంచి ఎవరెవరో వాడేవాళ్ళు. నాకు అప్పట్లో అది ఆయన ఆఫీసు తర్వాతి పిచ్చి, అంతే.

చేతులు పూర్తిగా పడిపోకముందు, ఒక్కో వేలితో కొట్టి, దానికి ఇంకో భాగం రాశాడు. వెలుగు ఒక్కో బొమ్మ మీద రెండు సెకన్లు ఆగుతుంది. కావలసిన బొమ్మ మీదికి రాగానే చెంపతో నొక్కాలి. అక్షరాల బొమ్మ, పాటల బొమ్మ, మెయిల్ బొమ్మ, దాహం బొమ్మ. అప్పటి నుంచి ఆయన మాట్లాడేదంతా ఆ రేవు మీదుగానే.

ఇంటికొచ్చి చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రం దాకా తెరవలేదు.

అక్టోబర్ 13

పాలియేటివ్ కేర్ నుంచి నర్సు, సిస్టర్ బీన వచ్చింది. కంటిచూపుతో నడిచే మెషిన్ రావడానికి ఆరు వారాలు పడుతుందట. అప్పటిదాకా ఇదీ అని అక్షరాల అట్ట ఇచ్చింది. నేను వరుస మీద వేలు జరపాలి, ఆయన రెప్ప వెయ్యాలి. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లయితే కాదు.

మొదటి మాటకి నలభై నిమిషాలు పట్టింది. వీ, పు. వీపా, వీపు నొప్పా అన్నాను. కాదు. వీపు కింద ఏదైనా ఉందా? కాదు. దురదా? అవును. గోకుతుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో తెలియదు.

అక్టోబర్ 14, శనివారం

డాక్టర్ ఫోన్ చేశాడు. ఊపిరి పరీక్ష రిపోర్టు బాగా లేదు. 27న రమ్మన్నాడు. గొంతుకు రంధ్రం పెట్టి మెషిన్‌తో ఊపిరి ఇవ్వాలా, వద్దా, ఆ రోజు తేల్చాలి. పెడితే ఏళ్ళు. పెట్టకపోతే ఏళ్ళు కాదు. 

ఆయన అవుననీ కాదనీ రెప్ప వేస్తాడు, చాలదా అని అడిగాను. చాలదమ్మా అన్నాడు. ఎంత కాలం, ఏ స్థితి వస్తే ఆపాలి, అవన్నీ ఆయన మాటల్లో నాకు కావాలి. పెట్టాక తీసెయ్యమంటే అది వేరే కథ అన్నాడు.

ఆడబిడ్డ, ఆయన అక్క విలాసినిచేచి కన్నూరు నుంచి దిగింది. చెప్పులు విప్పకుండానే తమ్ముడి మంచం దగ్గరికెళ్ళి, ఒరే పవీ, నీకు బతకాలనుందా లేదా, చెప్పు అంది. ఆయన ఒకసారి మూశాడు. చూశావా, అవునన్నాడు, ఇంకెందుకు చర్చ అని నా వైపు తిరిగింది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక నేనడిగాను. గొంతుకు రంధ్రం వద్దా ఏట్టా? ఒకసారి మూశాడు.

దానికీ అవునే. లేదా అలసట. లేదా రెప్ప దానంతట అదే పడింది. నేను మళ్ళీ అడగలేదు.

అక్టోబర్ 16. ఉదయం 11

నేను పనిచేసే గ్రంథాలయం వాళ్ళు కొత్త ల్యాప్‌టాప్ వాడుకోమని పంపారు. హైస్కూల్లో కంప్యూటర్లు చూసే మాస్టారు, దివాకరన్ మాష్, వచ్చి లినక్స్ ఎక్కించాడు. నెట్ నుంచి రేవు దింపాడు. 

వచ్చింది. కానీ అడుగున కూర్చోలేదు. స్క్రీన్ మధ్యలో తేలుతూ నిలబడింది, దారి తప్పినదానిలా. బటన్ నొక్కితే వినలేదు.

మాష్ తల గోక్కున్నాడు. కొత్త సిస్టంలో ఏ ప్రోగ్రామూ తన చోటు తాను ఎంచుకోకూడదట. తన కోసం కానిదాన్ని వినకూడదట. భద్రత కోసం టీచర్, మంచికే పెట్టారు అన్నాడు. లైబ్రరీకి వచ్చేవాళ్ళంతా నన్ను టీచర్ అనే పిలుస్తారు. పోనీ పాత సిస్టం వేద్దామంటే ఈ ల్యాప్‌టాప్‌లో స్క్రీనే వెలగలేదు. వెలిగినా లాభం లేదట. చెంప బటన్ భాగం నెట్‌లో లేనే లేదు. ఆయన దాన్ని ఎవరికీ చూపించలేదు. కాలిపోయిన డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇది చెయ్యగలవాళ్ళు ఎవరు మాష్ అన్నాను. మీ ఆయనే అన్నాడు. ఇంకా? షౌకత్ పేరు చెప్పాడు. చెప్పి నా మొహం చూసి, సారీ టీచర్ అన్నాడు.

అక్టోబర్ 16. సాయంత్రం

ఆయన మెయిల్ నా ఫోన్‌లో తెరిచి ఎనిమిదేళ్ళ నాటి ఉత్తరాలు చదివాను. ఇంగ్లీషు సగం తెలిసింది. మిగతా సగం తెలియకపోవడమే మంచిది.

షౌకత్, ఆయన పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ. రేవు ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. మౌస్ దగ్గరికి రాగానే బొమ్మ ఉబ్బి ఎగరాలి, జనం దానికే పడతారు అని షౌకత్. నావలు గంతులేస్తాయా, రేవు కదలకుండా ఉండాలి అని ఈయన. అది ముదిరింది. తర్వాత షౌకత్ మొత్తం కొత్త సిస్టంకి మార్చి రాద్దాం అన్నాడు. ఈయన నలుగురి ముందూ, నాలుగు వందల మంది చదివే చోట, నీ రాత చూస్తే గోడ మీద పిల్లల గీతలు గుర్తొస్తాయి అన్నాడు. షౌకత్ కోడ్ కాపీ తీసుకుని వెళ్ళిపోయి సొంతంగా ఇంకో డాక్ పెట్టుకున్నాడు. పేరు అవతలిగట్టు.

మా పెళ్ళిలో, నేను అన్నలా షౌకత్‌క్కా అని పిలిచే ఆ మనిషే బిర్యానీ గరిట పట్టుకుని నిలబడ్డాడు.

అక్టోబర్ 17

షౌకత్‌క్కాని పిలవనా? రెండుసార్లు మూశాడు.

మళ్ళీ అడిగాను. రెండుసార్లు. గట్టిగా, కనుబొమలు కూడా కదిలేలా.

అట్ట పట్టుకున్నాను. వా, డు, వ, ద్దు.

ఏట్టా, పదిరోజుల్లో డాక్టర్ దగ్గరికెళ్ళాలి, ఏం చెప్తారు, ఎలా చెప్తారు అని అరిచాను. అరవకూడదు. అరిచాను. చేచి పరిగెత్తుకొచ్చి, మంచంలో ఉన్నవాడి మీదా నీ ప్రతాపం, అంది.

అక్టోబర్ 18

ఈరోజు నేను కూడా ఆయనతో మాట్లాడలేదు.

అక్టోబర్ 19. ఉదయం 5.50

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నిన్న చేప కడుగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. రేవు బాగవకపోతే? అప్పుడు చేచి అడిగిన ప్రశ్నకి ఆయన వేసిన రెప్పే చివరి మాట. బతకాలనుందా, అవును. చేచీ నేనూ అదే చెప్తే డాక్టర్ ఎంతసేపు కాదంటాడు? రంధ్రం పెడతారు. మెషిన్ వస్తుంది. ఆయన ఉంటాడు. ఈ మంచం మీద, ఈ కిటికీ పక్కన, నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఉంటాడు.

బాగైతే వద్దంటాడేమో. నాకు తెలుసు ఆయన. వద్దనే అంటాడు.

చేప చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. పిల్లి వచ్చి కాలికి రుద్దుకుంటే తెలివొచ్చింది. ఆయన మాట్లాడలేకపోవడం నాకు కలిసొస్తుందని లెక్కేసుకున్నాను నేను. పెళ్ళాన్ని నేను. ఇరవై రెండేళ్ళు.

ఉదయం 6.20

షౌకత్‌కి ఒక్కసారి నాకు ఫోన్ చెయ్యమని మెయిల్ పంపేశాను. ఆయన్ని అడగలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ రెండుసార్లే.

అక్టోబర్ 20, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక ఫోన్ చేశాడు షౌకత్‌క్కా. తలశ్శేరిలో సహకార బ్యాంకు కంప్యూటర్లు చూస్తున్నాడట. గొంతు మారలేదు. ఏంటి ప్రీతా, ఎనిమిదేళ్ళకి గుర్తొచ్చానా, వాడు రాయించాడా అని నవ్వాడు. లేదు, ఆయనకి తెలియదు అన్నాను. ఎందుకు తెలియదు, వాడికి వేళ్ళు లేవా అన్నాడు.

లేవు అన్నాను.

అప్పుడు చెప్పాను అంతా. ఆయనకి జబ్బని కూడా షౌకత్‌కి తెలియదు. రేవులో మూడేళ్ళుగా మార్పులేవీ రాకపోతే, పొగరుతో వదిలేశాడు అనుకున్నాడట.  ఆదివారం మొదటి బండికి వస్తున్నా, వాడికి చెప్పకు, చెప్తే కళ్ళు మూసుకుని పడుకుంటాడు అన్నాడు.

అక్టోబర్ 22, ఆదివారం

కళ్ళు మూసుకునే పడుకున్నాడు. గుమ్మంలో షౌకత్ గొంతు వినగానే మూశాడు, అంతే.

షౌకత్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తన పొట్ట, తెల్లగడ్డం ఒకసారి చేత్తో తడుముకున్నాడు. మంచం మీద ఆయన ఎంత మిగిలాడో చూశాడు. నేను కుర్చీ వేశాను. కూర్చుని, మామూలుగా, బస్సులో పక్క సీటువాడితో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుంటే నేను పోతాననుకున్నావురా? నీ బుద్ధి మారలేదు. నాకు మాత్రం తీరిక ఉందా, ప్రీత పిలిచింది, వచ్చా. నువ్వు పడుకో. నీతో నాకు పనిలేదు.

ల్యాప్‌టాప్ తెరిచాడు. అవతలిగట్టు ఎక్కించాడు. అది కొత్త సిస్టంలో ఒద్దికగా అడుగున కూర్చుంది. ఎనిమిదేళ్ళ కష్టం అది, ఆయన పిల్లల గీతలు అన్నది.

మధ్యాహ్నం దాకా తనలో తాను గొణుక్కుంటూ రాశాడు. టీ అడిగాడు, తాగడం మర్చిపోయాడు. మూడింటికి కాబోలు గట్టిగా అన్నాడు. ప్రీతా, వీడి పాత కోడ్ ఇంకా కొంత దీంట్లో ఉంది. బొమ్మల వరుస కొలిచే ముక్క. అంతా చెత్త. తీసేస్తున్నా.

ఆయన కళ్ళు తెరిచాడు. రెండుసార్లు మూశాడు.

తీసేస్తాన్రా, ఎవడికి పనికొస్తుంది అన్నాడు షౌకత్. రెండుసార్లు. పనికొస్తుందా? ఒకసారి. అది లేకపోతే వరుస పక్కకి జరుగుతుందా? ఒకసారి. అబ్బో, ఇంకా గుర్తుందే నీకు. ఒకసారి.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కణ్ణించి వింటూ నిలబడ్డాను. ఒకడు తిడుతున్నాడు, ఇంకొకడు రెప్పలేస్తున్నాడు. చేచి నా పక్కకొచ్చి, ఇదేం పోట్లాటే, ఒక్కడి గొంతే వినపడుతోంది అంది.

అక్టోబర్ 24. మధ్యాహ్నం 2

పనిచెయ్యడం లేదు. మూడురోజులు.

వెలుగు నడుస్తోంది. బొమ్మ మీద ఆగుతోంది. కానీ అక్షరాల పలక తెరుచుకోగానే బటన్ మాట ఆ పలకకి పోతుంది, వెనకున్న డాక్‌కి వినపడదు. సిస్టం ఒప్పుకోదు. షౌకత్ నిన్నటి నుంచి అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. బ్యాంకు నుంచి ఫోన్లు. ఈరోజు కేకలేశాడు ఎవరిమీదో.

దానికి తోడు ఆయన చెంప. నొక్కు పడటంలేదు. పదిసార్లకి ఆరే పడుతున్నాయి. ఆ కండ కూడా వెళ్ళిపోతోంది.

ఇంకా మూడురోజులు. నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఏది అడగాలో తెలిస్తే కదా.

సాయంత్రం 5

ఆయన అట్ట అడిగాడు. కళ్ళతో దానివైపే చూస్తూ ఉంటే నాకే ఆలస్యంగా తట్టింది. పావుగంటలో మూడక్షరాలు. నే, రు, గా.

నేరుగానా? నేరుగా ఏంటి ఏట్టా? మంచం? దిండు? రెండుసార్లు, రెండుసార్లు. కోపం.

షౌకత్ అట్ట వైపు చూశాడు. తర్వాత నుదుటి మీద కొట్టుకున్నాడు. సిస్టంని ఎందుకు అడుక్కుంటున్నాను, బటన్ తీగనే నేరుగా వింటే సరిపోదూ అన్నాడు. నొక్కు బలం ఎంతుంటే చాలో కూడా మనమే పెట్టుకోవచ్చు, ఈగ వాలినంత చాలు. ఒరేయ్ పవీ, ఈ మాట మూడురోజుల క్రితం చెప్పొచ్చు కదరా.

ఆయన ఒక కన్ను మాత్రం మూశాడు. అది అవునూ కాదూ కాదు.

అక్టోబర్ 25. ఉదయం 11.20

మాట్లాడాడు.

వెలుగు అక్షరాల బొమ్మ మీదికి వచ్చింది. చెంప కదిలిందో లేదో నాకు కనిపించలేదు. పలక తెరుచుకుంది. ఒక్కో అక్షరం. షౌకత్, నేను, చేచి స్క్రీన్ మీదికి వంగి చూస్తున్నాం. చివర్లో స్పీకర్ లోంచి ఆ మరబొమ్మ గొంతు.

బొమ్మలు ఎగరడం ఆపు, కళ్ళు తిరుగుతున్నాయి.

షౌకత్ లేచి బావి దగ్గరికి వెళ్ళాడు. బొక్కెన దింపాడు, తోడాడు, ఆ నీళ్ళు మళ్ళీ బావిలోనే పోశాడు. వెనక్కొచ్చి ఎగరడం ఆపేశాడు.

అక్టోబర్ 26, గురువారం

నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు. పొద్దున తొమ్మిదికి, ప్రీతా కూర్చో అన్నాడు. పదకొండు దాటాక ముగించాడు. మధ్యలో రెండుసార్లు అలసిపోయాడు. నేను ఆపమన్నాను, ఆపలేదు.

రంధ్రం వద్దన్నాడు.

ఊపిరికి పెట్టే మాస్కు ఉంచుకుంటాను, అది చాలనప్పుడు ఆయాసం తెలియకుండా మందివ్వమని డాక్టర్‌తో చెప్తాను అన్నాడు. అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. ఈ పధ్నాలుగు రోజులూ కళ్ళు మూసుకుని చేసింది ఇదే.

నాకు బరువని అనుకుంటున్నారా, నేనెప్పుడైనా అన్నానా అని నిలదీశాను. నీ కోసం కాదు అన్నాడు. నా కోసం. ఈ కండ కూడా పోయాక లోపల ఒక్కణ్ణే ఉండటం నాకు భయం. ఈ రెండు వారాలు చూశాను అది ఎలా ఉంటుందో.

అప్పుడు నేను అనకూడనిది అన్నాను. అట్ట పట్టుకుని, ఆ మనిషిని బతిమాలి, ఇంత చేసి మీకు నోరు తెచ్చిపెడితే ఆ నోటితో మొదట చెప్పేది ఇదా అన్నాను.  నేల మీద కూర్చుని చేప సంగతి కూడా చెప్పేశాను. 18న ఏం అనుకున్నానో, అంతా. ఎందుకు చెప్పానో తెలియదు.

వెలుగు బొమ్మల మీద రెండు చుట్లు తిరిగింది. ఆయన ఏదీ నొక్కలేదు. మూడో చుట్టులో అక్షరాలు తెరిచాడు.

తెలుసు. అయినా పిలిచావు.

చేచి గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది. పవీ, నేను నిన్ను చంకనేసుకుని పెంచాన్రా అంది.  మంచం పక్కన కూర్చుని ఆయన పాదాలకి కొబ్బరినూనె రాయడం మొదలుపెట్టింది.

అక్టోబర్ 27

డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుని యాభై నిమిషాలు విన్నాడు. బయట టోకెన్లవాళ్ళు తలుపు కొట్టినా లేవలేదు. ప్రతి వాక్యం రాసుకుని, తిరిగి చదివి వినిపించాడు. ఒకచోట ఆయన కాదన్నాడు. డాక్టర్ కొట్టేసి మళ్ళీ రాశాడు.

నేను సంతకం పెట్టాను. సాక్షిగా షౌకత్‌క్కా పెట్టాడు.

నవంబర్ 12

వారానికి రెండుసార్లు వస్తున్నాడు షౌకత్. రేవునీ అవతలిగట్టునీ మళ్ళీ ఒకటి చేస్తున్నారట. చెంప బటన్ భాగం అందరికీ అందేలా నెట్‌లో పెట్టారు. పోలండ్ నుంచి ఒకామె రాసింది, మా నాన్నకి ఇది పెట్టాను, నిన్న కాఫీ అడిగాడు అని.

పేరు మీద మళ్ళీ గొడవ. రేవే అని ఈయన. నీ పేరు పాతబడింది ముసలోడా అని షౌకత్. నవ్వొచ్చినప్పుడు ఆయన రెప్పలు టపటపా కొట్టుకుంటాయి. అవి లెక్కపెట్టకూడదు.

నవంబర్ 21

నొక్కు నాలుగింటికి ఒకటే పడుతోంది. రోజూ అడిగే మాటలకి ఒక్కో బొమ్మ పెట్టించుకున్నాడు, ఒక్క నొక్కుకి మాటంతా పలుకుతుంది.

నవంబర్ 28. ఉదయం 8

నిన్న మాట్లాడలేదు. మొన్న రెండే మాటలు. సిస్టర్ బీన మందు మోతాదు పెంచింది. ఆయాసం లేదు. కిటికీ తెరిచి ఉంచాను.

డిసెంబర్ 7. ఉదయం 7.40

పోయి ఆరురోజులు. అందరూ వెళ్ళిపోయారు.

ల్యాప్‌టాప్ ఎవరూ ఆపలేదు. వెలుగు ఒక్కో బొమ్మ మీద రెండు సెకన్లు ఆగుతూ నడుస్తోంది. బటన్ తీసి నా చెంపకి ఆనించుకున్నాను. ఎక్కడ నొక్కానో చూసుకోలేదు.

ప్రీతా, ఫ్యాన్ తగ్గించు అంది ఆ మరబొమ్మ గొంతు.

లేచి తగ్గించాను.